మొదటి ట్రావెల్ నర్సింగ్ కాంట్రాక్టు: వారానికి 2,250 డాలర్లు అన్న మాటను ఎలా చదవాలి?

డాలస్‌లో టెలిమెట్రీ వార్డులో (రోగుల గుండె లయను యంత్రాలతో నిరంతరం గమనించే వార్డు) రెండున్నరేళ్లుగా పనిచేస్తున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆమెకు గ్రీన్‌కార్డు ఉంది, భర్తకు డాలస్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరేళ్ల బాబు ఉన్నాడు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో 13 వారాల నైట్ షిఫ్టు కాంట్రాక్టు ఉందని, వారానికి 2,250 డాలర్లు వస్తాయని ఒక ఏజెన్సీ రిక్రూటర్ రోజూ ఫోన్ చేస్తున్నారట. ట్రావెల్ నర్సింగ్ అంటే ఇదే, ఏజెన్సీ ద్వారా కొన్ని వారాల కాంట్రాక్టు మీద వేరే ఊరి ఆసుపత్రిలో పనిచేయడం. వెళ్లవచ్చా, వెళితే ముందుగా ఏమేం చూసుకోవాలి అని అడిగారు.

వెళ్లవచ్చు. రెండేళ్లకు పైగా ఒకే విభాగంలో పనిచేశారు కాబట్టి పనికి సంబంధించినంతవరకు మీరు సిద్ధంగానే ఉన్నారు. అయితే మొదటి కాంట్రాక్టు ఫ్రెస్నోలో వద్దని, ఓక్లహోమా సిటీ, ష్రీవ్‌పోర్ట్ వంటి చోట, అంటే కారులో మూడు నాలుగు గంటల్లో ఇంటికి రాగలిగిన దూరంలో తీసుకోవాలని నా సలహా. రెండో మాట, 2,250 అనేది మీ జీతం కాదు, అన్నీ సవ్యంగా జరిగిన వారంలో, పన్ను కోయకముందు, మీకు రాగల గరిష్ఠ మొత్తం మాత్రమే. అది నిజంగా వస్తుందా రాదా అన్నది కాంట్రాక్టులో మూడు చోట్ల తేలుతుంది. గ్యారంటీ గంటలు, రద్దు నిబంధన, ఇతర వార్డులకు పంపే ఫ్లోట్ నిబంధన. రిక్రూటర్ ఫోన్లో ఎంత మంచిగా మాట్లాడినా, ఈ మూడూ కాగితం మీద ఎలా ఉన్నాయో చూడకుండా సంతకం చేయవద్దు.

నా అనుభవం ఏపాటిదో కూడా చెప్పాలి. విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో ఆరేళ్లు పనిచేసి, టెక్సాస్ వచ్చాక స్టెప్‌డౌన్‌లో (ఐసీయూకూ మామూలు వార్డుకూ మధ్యస్థంగా ఉండే వార్డు) స్థిరపడి, 2018 నుంచి మధ్యమధ్య విరామాలతో 14 కాంట్రాక్టులు చేశాను. అందులో రెండు చెడిపోయాయి. రెండిటిలోనూ నా తప్పు ఉంది.

ముందు డబ్బు లెక్క చూద్దాం, ఎందుకంటే మిగతా సలహాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. 2,250 అన్నప్పుడు ఏజెన్సీలు సాధారణంగా దాన్ని మూడు ముక్కలుగా కడతాయి. ఉదాహరణకు గంటకు 24 డాలర్ల చొప్పున 36 గంటలకు 864 డాలర్లు, ఇది పన్ను పడే వేతనం. రోజుకు 140 చొప్పున వారానికి 980 డాలర్లు బస కోసం, రోజుకు 58 చొప్పున 406 డాలర్లు భోజనం తదితర ఖర్చుల కోసం, ఈ రెండూ పన్ను లేని స్టైపెండ్లు. మూడూ కలిపితే 2,250. మీకు వచ్చిన ఆఫర్‌లో అంకెలు వేరుగా ఉండవచ్చు, కానీ కూర్పు ఇదే. బసకూ భోజనానికీ పన్ను లేకుండా ఎంత ఇవ్వవచ్చో తెలిపే గరిష్ఠ పరిమితులను ఫెడరల్ ప్రభుత్వపు సాధారణ సేవల విభాగమైన జీఎస్ఏ ఊరివారీగా ఏటా ప్రకటిస్తుంది. ఏ ఊరికైనా ఆ పట్టిక ఉచితంగా దొరుకుతుంది, మీ ఆఫర్‌ను దాని పక్కన పెట్టి చూసుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. 2,250ని 36తో భాగిస్తే గంటకు 62 డాలర్ల 50 సెంట్లు. వార్డులో రోగులు తక్కువగా ఉన్నారని ఒక రాత్రి మిమ్మల్ని రావద్దన్నారనుకోండి. దీన్నే లో సెన్సస్ అనీ కాల్ ఆఫ్ అనీ అంటారు. చాలా కాంట్రాక్టుల్లో పనిచేయని గంటలకు వేతనంతో పాటు స్టైపెండ్లు కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. అంటే పన్నెండు గంటల షిఫ్టు ఒక్కటి పోతే పోయేది 288 కాదు, 750. పదమూడు వారాల్లో మూడుసార్లు ఇలా జరిగితే ఒక వారం ఆదాయం మొత్తం పోయినట్టే, మీరు కట్టే గది అద్దె మాత్రం తగ్గదు. అందుకే గ్యారంటీ గంటలు అన్న చోట "వారానికి 36" అని ఉందా, "పే పీరియడ్‌కు (జీతం లెక్కగట్టే గడువుకు) ఒక షిఫ్టు వరకు ఆసుపత్రి రద్దు చేయవచ్చు" అని చిన్న అక్షరాల్లో మినహాయింపు ఉందా అన్నది చూడాలి. రెండో రకం ఉంటే మీ మనసులో 2,250ని తుడిచేసి 1,875 అని రాసుకోండి, ఎందుకంటే పే పీరియడ్ రెండు వారాలైతే ఒక షిఫ్టు పోయాక వచ్చే సగటు అదే. ఆ అంకెకు కూడా లాభమనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

దీనికి తలకిందులు లెక్క ఇంకొకటి ఉంది, కొత్తవారు దాదాపు అందరూ ఇందులో పడతారు. ఛార్జ్ నర్సు (ఆ షిఫ్టులో వార్డు బాధ్యత చూసే నర్సు) వచ్చి "నాలుగో షిఫ్టు చేస్తారా, ఓవర్‌టైమ్ ఇస్తాం" అంటే సంబరంగా ఒప్పుకుంటాం. ఓవర్‌టైమ్‌ను 24 డాలర్ల మీదే ఒకటిన్నర రెట్లు కడితే గంటకు 36 డాలర్లు, పన్నెండు గంటలకూ అలాగే ఇచ్చినా 432. మామూలు షిఫ్టుకు 750 తీసుకుంటున్న మనిషి అలసిపోయిన నాలుగో రాత్రి 432కు పనిచేస్తున్నారన్నమాట. నేను మొదటి కాంట్రాక్టులో ఇలా ఐదు షిఫ్టులు చేశాక గానీ పేస్లిప్ పెట్టుకుని కూర్చోలేదు. 2021లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక కేసులో, పనిచేసిన గంటలను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉండే పర్ డియమ్ (రోజువారీ స్టైపెండు) నిజానికి వేతనమే కాబట్టి ఓవర్‌టైమ్ రేటు లెక్కలో దాన్ని కూడా కలపాలని తీర్పు చెప్పింది. కాలిఫోర్నియా ఆ కోర్టు పరిధిలోనే ఉంది. ఆ తీర్పు తర్వాత కొన్ని ఏజెన్సీలు ఒప్పందపు మాటలు మార్చుకున్నాయి. కాబట్టి అదనపు గంటకు ఎంత ఇస్తారో అంకెతో సహా కాంట్రాక్టులో రాయమని అడగండి. చాలాసార్లు అడిగితే పెంచుతారు, అడగనివారికి పెంచరు.

వేతనం భాగం తక్కువగా ఉండడం వల్ల ఇంకో నష్టం ఉంది. ఇల్లు కొనడానికి అప్పు అడిగినప్పుడు బ్యాంకులు పన్ను పడే ఆదాయాన్నే ప్రధానంగా చూస్తాయి. పని చేస్తూ గాయపడితే వచ్చే పరిహారం, సోషల్ సెక్యూరిటీ పింఛను లెక్క కూడా ఆ ఆదాయం మీదే నడుస్తాయి. ఏడాది రెండేళ్లలో ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఈ సంగతి మీ భర్తతో ముందే మాట్లాడండి.

ఇక పన్ను లేని స్టైపెండ్లు తీసుకోవడానికి మీకు అర్హత ఉందా అన్నది. దీనికి ఆధారం ట్యాక్స్ హోమ్ అనే భావన. నర్సులలో దీని మీద ఉన్నన్ని పుకార్లు మరి దేని మీదా లేవు. "యాభై మైళ్లు దాటితే చాలు" అనే మాట అందులో మొదటిది. అమెరికా పన్నుల శాఖ అయిన ఐఆర్ఎస్ నిబంధనల్లో యాభై మైళ్ల సూత్రం ఏదీ లేదు. ఆసుపత్రులూ ఏజెన్సీలూ తమ సొంత విధానాల కోసం పెట్టుకున్న దూరాలవి. ఐఆర్ఎస్ చూసేది వేరు. మీ శాశ్వత నివాసం ఉన్న ప్రాంతంలో మీరు కొంతైనా పనిచేస్తూ, ఆ పని చేసేటప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నారా? బయటి ఊళ్లో ఉండవలసి రావడం వల్ల రెండు చోట్లా నివాస ఖర్చు మీ మీద పడుతోందా? ఆ పాత ప్రాంతాన్ని వదిలిపెట్టకుండా, అక్కడ కుటుంబం ఉండడమో మీరు తరచూ వెళ్లడమో జరుగుతోందా? మూడూ ఉంటే ఇబ్బంది లేదు. రెండే ఉంటే మీ పరిస్థితులన్నీ చూసి నిర్ణయిస్తారు. ఒక్కటే ఉంటే మిమ్మల్ని ఇల్లు లేని సంచారిగా లెక్కగడతారు, అప్పుడు స్టైపెండ్లన్నిటికీ పన్ను కట్టాలి.

మీ విషయంలో భర్త, బాబు డాలస్‌లోనే ఉంటారు, ఇంటి అద్దెలో మీ వాటా నడుస్తూనే ఉంటుంది కాబట్టి రెండో షరతూ మూడో షరతూ దృఢంగా ఉన్నాయి. మొదటిది కూడా గట్టిపడాలంటే ఇప్పటి ఆసుపత్రిలో పూర్తిగా రాజీనామా చేయకుండా పీఆర్ఎన్‌గా (అవసరమైనప్పుడు మాత్రమే షిఫ్టులు చేసే నర్సుగా) మారండి, కాంట్రాక్టుల మధ్య వచ్చి కొన్ని షిఫ్టులు చేయండి. దీనివల్ల ట్రావెల్ నచ్చకపోతే తిరిగి వచ్చే దారి కూడా తెరిచే ఉంటుంది. నాతో పనిచేసిన ఒకమ్మాయి న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య ఇంటి చిరునామా ఇచ్చి, అక్కడ ఒక్క డాలరు అద్దె కట్టకుండా, ఒక్క షిఫ్టూ చేయకుండా రెండేళ్లు స్టైపెండ్లు తీసుకుంది. తర్వాత ఒక మంచి సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్) దగ్గరికి వెళితే రెండేళ్ల రిటర్నులూ సవరించి పన్ను కట్టమన్నారు, కట్టింది. అన్నయ్య ఇల్లు పుట్టింటితో సమానమని మనకు అనిపించవచ్చు గానీ పన్నుల శాఖకు అలా అనిపించదు.

మరో గీత కూడా గుర్తుంచుకోండి. ఒకే ప్రాంతంలో పని ఏడాదికి మించి సాగితే, లేదా సాగుతుందని ముందే తెలిస్తే, అది తాత్కాలికం కాదు. సాగుతుందని తెలిసిన రోజు నుంచే స్టైపెండ్లకు పన్ను పడుతుంది, పన్నెండు నెలలు నిండేదాకా ఆగదు. ఇంకా ఒకటి, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని అలవాటుపడి ఉంటారు. ఓక్లహోమాలో గాని కాలిఫోర్నియాలో గాని సంపాదించిన వేతనానికి ఆ రాష్ట్రం పన్ను వేస్తుంది, అక్కడ స్థానికేతరుల రిటర్ను దాఖలు చేయాలి. మొదటి ఏడాది రిటర్నును ట్రావెల్ నర్సుల లెక్కలు చూసే సీపీఏ చేత చేయించుకోండి, ఆ రుసుము దండగ కాదు.

లైసెన్సు విషయానికి వస్తే, ఫ్రెస్నో ఇప్పుడే వద్దనడానికి ముఖ్య కారణం ఇదే. ఒక రాష్ట్రపు లైసెన్సుతో మిగతా సభ్య రాష్ట్రాల్లోనూ పనిచేయనిచ్చే ఒప్పందమైన నర్స్ లైసెన్సర్ కాంపాక్ట్‌లో టెక్సాస్ ఉంది. ఓక్లహోమా, లూసియానా, ఆర్కన్సా, న్యూ మెక్సికో కూడా ఉన్నాయి. ఇప్పటి రూపంలో ఈ కాంపాక్ట్ 2018 జనవరి నుంచి అమల్లో ఉంది, 40కి పైగా రాష్ట్రాలు ఇందులో చేరాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ చేరలేదు. ముందుగా నర్సుల లైసెన్సు వివరాలు చూపే నర్సిస్ వెబ్‌సైటులో మీ పేరు కొట్టి, లైసెన్సు మల్టీస్టేట్ అని ఉందా, సింగిల్ స్టేట్ అని ఉందా చూడండి. సోషల్ సెక్యూరిటీ నంబరు రాకముందు లైసెన్సు తీసుకున్న మనవాళ్లలో చాలామందికి సింగిల్ స్టేటే ఉండిపోతుంది, మార్చుకోవడానికి టెక్సాస్ బోర్డుకు దరఖాస్తు చేయాలన్న సంగతి కూడా వారికి తెలియదు.

కాలిఫోర్నియాకు విడిగా ఎండార్స్‌మెంట్ (ఉన్న లైసెన్సు ఆధారంగా అక్కడి లైసెన్సు పొందే) దరఖాస్తు, వేలిముద్రలు, అన్నిటికన్నా కష్టమైనది మన కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. విదేశాల్లో చదివినవారి విషయంలో ఏ సబ్జెక్టుకు థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అని విడమరిచిన పత్రం అడుగుతారు. డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం ఇచ్చిందో కాగితాలు అక్కడి నుంచే కదలాలి. నా డిగ్రీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది కాబట్టి మా తమ్ముడు నాలుగుసార్లు ఆ కార్యాలయం చుట్టూ తిరిగాడు. కాలేజీలో గంటల పత్రం మీద సంతకం చేయవలసిన ప్రిన్సిపాల్ మేడమ్ సెలవులో ఉండడంతో ఇంకో మూడు వారాలు పోయాయి. మొత్తానికి ఐదు నెలలు పట్టింది. మీరు ఈ వారమే ఇంటి దగ్గర ఎవరికైనా ఆ పని అప్పగించండి, ఫ్రెస్నోకు వెళ్లినా వెళ్లకపోయినా ఆ లైసెన్సు పనికొస్తుంది.

కాలిఫోర్నియా గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అక్కడ ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులన్నది చట్టమే నిర్ణయించింది. 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తున్నారు. టెలిమెట్రీలో నలుగురు, స్టెప్‌డౌన్‌లో ముగ్గురు, మెడ్‌సర్జ్‌లో (సాధారణ వైద్య, శస్త్రచికిత్స వార్డు) ఐదుగురు, ఐసీయూలో ఇద్దరు, అంతకు మించి ఇవ్వకూడదు, మీరు భోజనానికి వెళ్లినప్పుడు కూడా ఆ సంఖ్య తప్పకూడదు. టెక్సాస్‌లో రాత్రిపూట టెలిమెట్రీలో ఆరుగురిని చూసిన మీకు అక్కడి మొదటి రాత్రి ఏదో మరిచిపోయినట్టు అనిపిస్తుంది. నాకైతే పదకొండు గంటలకు ఛార్టింగ్ (రోగుల వివరాలు నమోదు చేయడం) అయిపోయిందంటే నమ్మకం కలగక నాలుగు గదులూ మళ్లీ తిరిగి వచ్చాను.

ఇప్పుడు రద్దు నిబంధన. ఇందాక చెడిపోయాయన్న రెండు కాంట్రాక్టుల్లో మొదటిది 2019లో ఒక ఎడారి రాష్ట్రంలో జరిగింది. మూడు నెలలకు అపార్ట్‌మెంట్ లీజు రాసి, కారు నిండా సామాను వేసుకుని వెళ్లాను. మూడో వారం మంగళవారం మధ్యాహ్నం నిద్రలో ఉండగా రిక్రూటర్ ఫోన్ చేసి, ఆసుపత్రి వారు బడ్జెట్ కారణంగా ట్రావెలర్లందరినీ ఆ రోజు నుంచే ఆపేశారని చెప్పారు. కాంట్రాక్టు తీసి చూస్తే, ముందస్తు నోటీసు లేకుండా రద్దు చేసే హక్కు ఆసుపత్రికి ఉంది, నేను మధ్యలో మానేస్తే మాత్రం జరిమానా నాకు ఉంది. ఆ వాక్యం నేను సంతకం చేసిన పేజీలోనే ఉంది. లీజు డిపాజిట్టూ ఒక నెల అద్దే పోయాయి. చదవకుండా సంతకం చేసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. మొదటి రెండు వారాలకు ఏ లీజూ రాయను. వంటగది ఉన్న ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో దిగి, వార్డు ఎలా ఉందో, షెడ్యూలు నిలకడగా ఉందో చూసి, ఆ తర్వాత నెలవారీగా అద్దెకు ఇచ్చే గది వెతుక్కుంటాను. ఆసుపత్రిలో పనిచేసేవారినే అడిగితే ఎవరో ఒకరి ఇంట్లో గది దొరుకుతుంది. గది చూడకుండా, కనీసం వీడియో కాల్‌లో తలుపు తెరిచి లోపలి నుంచి చూపించకుండా, ఎవరికీ డిపాజిట్ పంపవద్దు. ఫొటోలు ఎంత అందంగా ఉండి అద్దె ఎంత తక్కువగా ఉంటే అనుమానం అంత ఎక్కువగా పడాలి. రద్దు విషయంలో కనీసం రెండు వారాల నోటీసు, లేదా దానికి బదులు పరిహారం అడగండి. పెద్ద ఆసుపత్రులు ఒప్పుకోకపోవచ్చు, కానీ ఏజెన్సీ తన వైపు నుంచి బస ఖర్చు కొంత భరిస్తానని ఒప్పుకున్న సందర్భాలు నాకు మూడు ఉన్నాయి.

కాంట్రాక్టుకు ముందు నర్స్ మేనేజర్ ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తారు, పావుగంట కూడా ఉండదు. మనవాళ్లు దాన్ని పరీక్షలా భావించి జవాబులు చెప్పి ఊరుకుంటారు. అది మీరు వారిని ప్రశ్నించవలసిన సమయం. రాత్రి ఎంతమంది రోగులను ఇస్తారు, ఫ్లోట్ చేస్తే ఏయే వార్డులకు, గత నెలలో ట్రావెలర్లను ఎన్నిసార్లు కాల్ ఆఫ్ చేశారు, షిఫ్టులు మూడూ వరసగా ఇస్తారా, ఛార్టింగ్ ఎపిక్ అనే సాఫ్ట్‌వేర్‌లోనా మరొకదానిలోనా అని అడగండి. నేను తప్పకుండా అడిగే ఇంకో ప్రశ్న ఉంది. ప్రస్తుతం ఆ వార్డులో ఉన్న ట్రావెలర్లలో ఎంతమంది కాంట్రాక్టు పొడిగించుకున్నారు? దీనికి మేనేజర్ తడుముకోకుండా జవాబిస్తే ఆ వార్డు బాగున్నట్టే లెక్క. మేనేజర్ ఇచ్చిన హామీ ఏదైనా, ముఖ్యంగా వరస షిఫ్టుల హామీ, ఆ సాయంత్రమే రిక్రూటర్‌కు ఈమెయిల్ చేసి కాంట్రాక్టులోకి ఎక్కించమనండి. ఓక్లహోమా సిటీ మీకు లాభించేది ఆ వరస షిఫ్టుల వల్లే. ఆది, సోమ, మంగళవారాల రాత్రులు చేసి, బుధవారం ఉదయం కొన్ని గంటలు నిద్రపోయి, సాయంత్రానికి ఇంట్లో ఉండవచ్చు. రాత్రి షిఫ్టు దిగిన వెంటనే మాత్రం రెండు వందల మైళ్లు నడపవద్దు.

కాగితాల గురించి త్వరగా చెప్పేస్తాను. బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (ప్రాణరక్షణ శిక్షణలు), ఎన్ఐహెచ్ స్ట్రోక్ స్కేల్ ధ్రువపత్రాలు, ఎన్95 మాస్కు ఫిట్ టెస్టు, ఫ్లూ టీకా, ఇద్దరు సూపర్‌వైజర్ల రిఫరెన్సులు, అన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డరులో పెట్టుకోండి, గడువు తేదీలు ఫైలు పేరులోనే రాయండి. భారతదేశంలో పుట్టి పెరిగినవారికి ప్రత్యేకంగా రెండు మాటలు. చిన్నప్పటి టీకా కార్డు దొరకదు కాబట్టి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ (చికెన్‌పాక్స్), హెపటైటిస్ బీ టైటర్ల (ఆ జబ్బులకు రోగనిరోధకత ఉందో లేదో చూపే) రక్తపరీక్షలు ఒకసారి చేయించి ఫలితాలు జాగ్రత్తగా దాచుకోండి. క్షయ పరీక్షకు చర్మం మీద సూది వేయించుకోవద్దు, చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల చేయి ఉబ్బి, పాజిటివ్ అని రాసి, ఎక్స్‌రే అంటూ తిప్పుతారు. క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష అడగండి, బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు.

మొదటి షిఫ్టు ఎలా ఉంటుందో చెబితే తప్ప అర్థం కాదు. కొత్త గ్రాడ్యుయేట్లకు నెలల తరబడి ఇచ్చే ఓరియంటేషన్ ట్రావెలర్లకు ఒకటి రెండు షిఫ్టులే. నా మూడో కాంట్రాక్టులో మొదటి రాత్రి ఏడు గంటలకు రిపోర్టు (ముందు షిఫ్టు నర్సు అప్పగించే రోగుల వివరాలు) తీసుకున్నాను. ఒక రోగికి పొటాషియం 2.9కి పడిపోయింది, డాక్టరు ఐవీ పొటాషియం రాశారు. వేలిముద్రతో తెరుచుకునే మందుల క్యాబినెట్ పిక్సిస్ దగ్గర వేలు పెడితే నా పేరే లేదు. ఐటీకి ఫోన్ చేస్తే ఉదయం ఎనిమిదికి గానీ రాదన్నారు. ఆ రాత్రంతా ప్రతి మందుకూ ఛార్జ్ నర్సును వెతుక్కుంటూ, ఆమె తీసి ఇచ్చిన మందును గదిలో స్కాన్ చేస్తూ గడిపాను. ఆమె విసుక్కోకపోవడం నా అదృష్టం. అప్పటి నుంచి పని మొదలయ్యే ముందు రోజే మేనేజర్‌కు "నా బ్యాడ్జి, ఛార్టింగ్ లాగిన్, మందుల క్యాబినెట్ అనుమతి సిద్ధమేనా" అని ఈమెయిల్ పంపుతున్నాను. జేబులో చిన్న నోటుపుస్తకం ఒకటి ఉంచుకుంటాను. మొదటి పేజీలో ఫార్మసీ, ల్యాబ్, రెస్పిరేటరీ, రాపిడ్ రెస్పాన్స్, హౌస్ సూపర్‌వైజర్ నంబర్లు. రెండో పేజీలో క్రాష్ కార్ట్ ఎక్కడుంది, బ్లాడర్ స్కానర్ ఎక్కడుంది, తలుపుల కోడ్లు. ఈ రెండు పేజీలు నిండేవరకు రోగి గదిలోకి వెళ్లను.

ఫ్లోట్ గురించి. ట్రావెలర్లను మిగతావారికంటే ముందు ఫ్లోట్ చేయడం చాలాచోట్ల ఆనవాయితీ, దానికి బాధపడి లాభం లేదు. కానీ మీరు టెలిమెట్రీ నర్సు, మెడ్‌సర్జ్‌కు పంపితే వెళ్లండి, ఐసీయూకు పంపి వెంటిలేటర్ రోగిని ఇస్తే ఒప్పుకోకండి. చెప్పవలసిన సమయం రిపోర్టు తీసుకోకముందు. రోగి బాధ్యత స్వీకరించాక వదిలి వెళితే రోగిని విడిచిపెట్టారని బోర్డుకు ఫిర్యాదు వెళ్లవచ్చు, అది మీ లైసెన్సుకు ముప్పు. "నేను చేయను" అనడం కంటే "ఈ రోగి సంరక్షణలో నాకు శిక్షణ లేదు, ఈ ముగ్గురిని తీసుకోగలను" అని ఏది చేయగలరో చెబితే గొడవ లేకుండా సర్దుతారు. టెక్సాస్‌లో మీకు అలవాటైన సేఫ్ హార్బర్ రక్షణ (సురక్షితం కాదనిపించిన బాధ్యతను ప్రశ్నించిన నర్సును కాపాడేది) టెక్సాస్ చట్టం ఇచ్చింది, రాష్ట్రం దాటితే అది మీ వెంట రాదు. కాలిఫోర్నియాలో యూనియన్ ఉన్న ఆసుపత్రుల్లో అభ్యంతరంతో బాధ్యత తీసుకుంటున్నానని రాసే పత్రం ఉంటుంది, ఎక్కడ దొరుకుతుందో మొదటి వారమే తెలుసుకోండి. కాంట్రాక్టులో ఫ్లోట్ అయ్యే వార్డుల పేర్లు రాయించుకుంటే ఈ తగువు సగం తగ్గుతుంది.

ఆరోగ్య బీమా గురించి మీకు పెద్దగా చింత అవసరం లేదు, భర్త కంపెనీ బీమాలో ఉండిపోండి. ఏజెన్సీ బీమా కాంట్రాక్టుతో పాటే ముగుస్తుంది కాబట్టి ఒంటరిగా ఉన్నవారే జాగ్రత్తపడాలి.

బాబు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కానీ ప్రశ్నలో అసలు బరువు అక్కడే ఉందని నాకు అనిపించింది. మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు నేను మొదటిసారి వెళ్లాను, మా అత్తయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉన్నారు కాబట్టి ఇల్లు నడిచింది. కాలిఫోర్నియా సమయం డాలస్ కంటే రెండు గంటలు వెనక. డాలస్‌లో పాప పడుకునే ఎనిమిదింబావు నాకు ఆరుంబావు. ఆసుపత్రి పార్కింగులో కారు ఆపి, స్టీరింగుకు ఫోన్ ఆనించి, పాప కథ చెప్పించుకుని నిద్రపోయాక ఆరు నలభైకి లోపలికి నడిచేదాన్ని. ఆ ఇరవై ఐదు నిమిషాల కోసం రోజూ అరగంట ముందు బయలుదేరేదాన్ని. ఓక్లహోమాలో సమయం డాలస్‌తో సమానం, అక్కడ నైట్ షిఫ్టు మొదలయ్యే వేళకు బాబు ఇంకా భోజనం చేస్తుంటాడు, కాబట్టి వీలైతే మొదటి కాంట్రాక్టు డే షిఫ్టులో చూడండి.

భారతదేశం నుంచే నేరుగా ట్రావెల్ నర్సుగా రావచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. రాలేరు. అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనే రాయవచ్చు, కానీ నర్సులు సాధారణంగా వచ్చేది ఉద్యోగం ఆధారంగా ఇచ్చే ఈబీ-3 గ్రీన్‌కార్డు దారిలో, భారతీయులకు ఆ వరస చాలా పొడవు. ఒక ఏజెన్సీ ద్వారా వస్తే రెండు మూడేళ్లు వారు చూపిన చోటే పనిచేయాలని ఒప్పందం ఉంటుంది, అది ట్రావెల్ నర్సింగ్ కాదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల వీసా) మీద ఈఏడీ అనే పని అనుమతి పత్రం ఉన్నవారిని కొన్ని ఏజెన్సీలు తీసుకుంటాయి, కాంట్రాక్టు చివరి తేదీ ఈఏడీ గడువు దాటకుండా మాత్రం చూసుకోవాలి.

పొడిగింపు కావాలంటే ఎనిమిదో తొమ్మిదో వారంలోనే అడగాలి, పన్నెండో వారం వరకు ఆగితే మీ స్థానానికి ప్రకటన వెళ్లిపోయి ఉంటుంది. పొడిగించేటప్పుడు రేటు మళ్లీ మాట్లాడండి, ఎందుకంటే కొత్త మనిషికి మళ్లీ ఓరియంటేషన్ ఇవ్వడం కంటే మీకు కొంత పెంచడం వారికి చౌక. నా రెండో చెడ్డ కాంట్రాక్టు ఇక్కడే చెడింది, మొదటి 13 వారాలు బాగున్నాయని పొడిగింపు పత్రం చదవకుండా సంతకం చేశాను, అందులో గ్యారంటీ గంటల వాక్యం మాయమై ఉంది.

ఇక ఆ ఫ్రెస్నో రిక్రూటర్ సంగతి. కాలిఫోర్నియా లైసెన్సు చేతికి రాకుండా మీ ప్రొఫైలును ఆసుపత్రికి పంపవద్దని ఈమెయిల్‌లో రాయండి. ఒకే ఆసుపత్రికి రెండు ఏజెన్సీలు మీ పేరు పంపితే రెండూ తిరస్కరించే ప్రమాదం ఉంది. లైసెన్సు వచ్చేసరికి చలికాలం అవుతుంది, అప్పుడు ఫ్రెస్నో ఉన్న ఆ లోయ ఆసుపత్రుల్లో ఖాళీలు ఇంకా ఎక్కువగా ఉంటాయి. అప్పుడు వెళితే గది ఆసుపత్రికి దగ్గర్లోనే తీసుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ టూలీ పొగమంచు కమ్ముకుంటుంది, ఉదయం ఏడున్నరకు షిఫ్టు దిగి 99వ నంబరు హైవే ఎక్కితే ముందున్న లారీ వెనక దీపాలు కూడా కనిపించవు.